ఆటయంత్రముల ఆయుర్దాయము

అమలాపురమునుండి ముమ్మిడివరము మీదుగా యానామునకు పోవు రహదారిపై మురమళ్ళ యను గ్రామము కలదు. గౌతమీతీరమున వెలసిన శ్రీ భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామివారికి ఇచట ప్రతిదినమును కల్యాణము జరుగును. తక్కిన క్షేత్రములలో ఏటికొకమారు చూడదగిన వేడుక ఇచట నిత్యకృత్యము. నిన్న పెండ్లికుమారుడైన స్వామియే నేడును పెండ్లికుమారుడు. రేపటి పెండ్లికిని ఆయనయే వరుడు. పెండ్లి ఆలస్యమగుచున్న పిల్లల తలిదండ్రులు దూరప్రాంతములనుండి వచ్చి, తమ పేర స్వామికి కల్యాణము జరిపించి పోవుచుందురు.

ఈ సీమలో కాలమును కొలుచుటకు దేవాలయము తరువాత చెప్పదగినది కొబ్బరిచెట్టు. పొడుగురకపు మొక్క నాటిన ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. కాపు పట్టిన పిమ్మట అరువదేండ్లు, ఒక్కొక్కచో అంతకు మించియు కాయును. తాత నాటిన చెట్టుకు తండ్రి నీరు పెట్టగా, మనుమడు కాయలు దింపించి అమ్ముకొనును. కోనసీమవాసి నోట "తరము" అను మాట వచ్చినప్పుడు దాని వెనుక ఇంతటి నిడివి యుండును.

అట్టి యిండ్లలోనే టెలివిజను ప్రక్కన మరియొక వస్తువు చేరినది. దానికిని తరములు కలవు. కాని ఆ తరము ఆరేడేండ్లలో, మహా అయినచో ఎనిమిదేండ్లలో ముగియును. వేసవిలో క్రొత్త యంత్రము కొన్న దినముననే పెరటిలో ఒక కొబ్బరిమొక్కను నాటినచో, ఆ మొక్క తొలి గెల వేయునప్పటికి యంత్రము పాతతరమైపోవును.

టెలివిజనునకు తగిలించి, చేతిలో మీటలపెట్టె పట్టుకొని ఆడు ఈ వీడియో గేమ్ యంత్రమునకు కన్సోల్ అని పేరు. కంప్యూటరునకును దీనికిని ముఖ్యమైన భేదమొకటి యున్నది. కంప్యూటరులోని భాగములను యజమాని ఎప్పుడు కావలసిన అప్పుడు మార్చుకొనవచ్చును. కన్సోల్ అట్లు కాదు. దుకాణమునుండి వచ్చిన నాడు దాని శక్తి యెంతయో, కడవరకును అంతే. కోటి యిండ్లలో కోటి యంత్రములున్నను అన్నియు నొక్క తీరుననే పనిచేయును. ఆటలు కల్పించువారు ఆ యొక్క యంత్రమును దృష్టిలో నుంచుకొని వ్రాసినచో చాలును. ఆ శక్తి చాలనప్పుడు పాతదానిని బాగుచేయుటకు వీలు లేదు గనుక, సంస్థవారు మరియొకదానిని నిర్మింతురు. అదియే క్రొత్త తరము.

ఈ తరముల లెక్క 1972లో అమెరికాలో మాగ్నవాక్స్ ఒడిస్సీ యను యంత్రముతో మొదలగును. అయిదేండ్లకు, 1977లో, అటారీ వచ్చినది. మరి ఆరేండ్లకు, 1983 జూలైలో, జపానునందు నింటెండో సంస్థవారు ఫామికామ్‌ను విడుదల చేసిరి. 1990 నవంబరులో దాని తమ్ముడు సూపర్ ఫామికామ్ వచ్చినది. 1994 డిసెంబరులో సోనీ సంస్థ ప్లేస్టేషన్‌తో రంగప్రవేశము చేసినది. ఆపైని ప్లేస్టేషన్‌ల పుట్టుకలు వరుసగా 2000 మార్చి, 2006 నవంబరు, 2013 నవంబరు, 2020 నవంబరు. మొదట అయిదేండ్ల యెడము, పిమ్మట ఆరున్నర దాటి, పిదప ఏడేసి యేండ్లు. యెడము పెరుగుచున్నదే గాని తరుగుట లేదు.

అయితే ఈ లెక్క పుట్టినతేదీల లెక్క మాత్రమే. చెల్లెలు పుట్టినంతమాత్రమున అక్క చనిపోదు గదా! 1977లో పుట్టిన అటారీ యంత్రమును 1992 ఆరంభమువరకును అమ్మిరి. ఫామికామ్ నిర్మాణమును నింటెండోవారు 2003లో గాని ఆపలేదు, అనగా ఇరువదేండ్లు. మరియొక వైపున సేగా సంస్థవారి డ్రీమ్‌కాస్ట్ 1998 నవంబరులో జపానున వెలువడి, 2001 జనవరిలోనే తన మరణవార్తను వినవలసివచ్చినది. ప్లేస్టేషన్ 2 రాకతో కొనువారు దానివైపునకు మరలిపోయిరి. నింటెండోవారి వై యూ 2012లో వచ్చి నాలుగేండ్ల నాలుగు నెలలకే స్విచ్‌కు చోటు విడిచినది; ఆ స్విచ్ 2017 మార్చినుండి 2025 జూన్ వరకు ఎనిమిదేండ్లకు పైగా ఒంటిగా ఏలినది. ఒకే ఇంటి బిడ్డలకు ఇంత వ్యత్యాసము! కాబట్టి తరము వేరు, ఆయుర్దాయము వేరు. మొదటిదానిని నిర్ణయించువారు టోక్యోలోను క్యోటోలోను రెడ్‌మండ్‌లోను ఉన్నారు. రెండవది కొన్నవాని చేతిలో నున్నది.

ఈ సత్యము తెలుగునాట స్పష్టముగా గోచరించును. ఫామికామ్ తరము జపానులో 1990తో ముగిసినదని చరిత్రకారులు వ్రాయుదురు. తెలుగు పల్లెలలో అది అప్పుడే ఆరంభమైనది. సమురాయ్, లిటిల్ మాస్టర్ మొదలగు పేర్లతో ఫామికామ్ పోలికగల యంత్రములు పట్టణములలో అమ్మకమునకు వచ్చినవి. ఆపైని తైవాను, చైనా దేశములనుండి పేరులేని అనుకరణలు కుప్పలుగా వచ్చిపడినవి. వానితోడి క్యాసెట్లపై "తొంబదితొమ్మిది లక్షల ఆటలు" అని అచ్చువేసియుండెడిది. లోన చూడబోయిన పట్టున నాలుగైదు ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండును. పిల్లలకు ఆ మోసము తెలియకపోలేదు, తెలిసియు లెక్కపెట్టలేదు. వారికి కావలసినవి మారియో, కాంట్రా. క్యాసెట్టు పలుకనిచో ఊడదీసి, నోట గాలి ఊది మరల దూర్చుట ఆ కాలపు పిల్లలకు ఎవరును నేర్పని విద్య. టి.వి. పాడగునను భయము పెద్దలది. కరెంటు పోవునను భయము పిల్లలది.

1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుపాను కోనసీమను ఊచకోత కోసినది. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలినవి. కరెంటు స్తంభములు వరుసకు వరుస ఒరిగిపోయినవి. అదే సంవత్సరము జూన్‌లో జపానునందు నింటెండో 64 విడుదలయ్యెను. ఆ వార్త ఇచట ఎవరికి కావలెను? తుపాను పిమ్మట తిరిగి నాటిన మొక్కలు కాపునకు వచ్చునప్పటికి 2003, 2004 సంవత్సరములు వచ్చినవి. ఆ నడుమ ప్రపంచమున రెండు తరముల యంత్రములు వచ్చి యుండినను, పల్లెలలోని పిల్లలు ఆ పాత మారియోనే పరుగెత్తించుచుండిరి. దానిని వెనుకబాటు అనుట సులభము. కాని ఒక వస్తువునుండి రావలసిన ఆనందమంతయు పిండుకొనుట గూడ ఒక పొదుపే.

క్రొత్త తరములు కోనసీమకు అసలే రాలేదనుటయు సరికాదు. అవి దుకాణముల మార్గమున గాక బంధువుల పెట్టెలలో వచ్చినవి. కువైటు, మస్కటులలో పనిచేసి వచ్చువారు, అమెరికాలో స్థిరపడి సంక్రాంతికి వచ్చువారు మేనల్లుండ్రకు తెచ్చిన కానుకలలో ప్లేస్టేషన్‌లు చేరినవి. అమెరికానుండి వచ్చినవానికి పెద్ద చిక్కొకటి యుండెడిది. అచటి యింటి విద్యుత్తు 120 వోల్టులు, ఇచటిది 230. ఆ సంగతి తెలియక నేరుగా గోడకు తగిలించినచో తరము మాట యటుంచి యంత్రము ఆయుర్దాయమే క్షణములో ముగియును. ట్రాన్స్‌ఫార్మరు సంపాదించి ఆ గండము గడచినను, అమెరికా టెలివిజను పద్ధతి వేరు, మన పద్ధతి వేరు. బొమ్మ రంగు లేకయో, పైకి క్రిందికి దొర్లుచునో కనిపించును. ఇక ఇచట దొరకు డిస్కులు అచటి యంత్రమున ఆడవు. ప్రపంచమును ప్రాంతములుగా విభజించి, ఒక ప్రాంతపు డిస్కును మరియొక ప్రాంతపు యంత్రము తిరస్కరించునట్లు సంస్థలవారు ఏర్పాటు చేసియుండిరి.

ఇంతకును ఆరేడేండ్లకే తరము మారనేల? ఇందు వర్తక రహస్యమున్నది. కన్సోలును అమ్మువారు దానిపై లాభము నాశింపరు. తొలినాళ్ళలో నష్టమునకే అమ్ముట కద్దు. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 అట్లే అమ్ముడైనది. లాభమంతయు ఆటలనుండి రావలెను. ప్రతి ఆటపైనను యంత్రపు యజమానికి వాటా ముట్టును. కాబట్టి మొదటి రెండు మూడేండ్లు పెట్టుబడి, నడిమి మూడు నాలుగేండ్లు కాపు. ఆ కాలమున యంత్రములోని సిలికాను బిళ్ళలు చిన్నవగుచు, చవుకగుచు వచ్చును, వెల తగ్గును, క్రొత్తవారు కొందురు. ఆటలు వ్రాయువారికి యంత్రపు లోతుపాతులు తెలియును గనుక మేలైన ఆటలు చివరి యేండ్లలోనే వచ్చును. కొనదగినవారందరును కొన్న పిమ్మట అమ్మకములు మందగించును. ప్రత్యర్థి ముందుగా క్రొత్తదానిని దింపునేమో యను భయము తోడగును. మైక్రోసాఫ్టువారు 2001లో తెచ్చిన ఎక్స్‌బాక్స్‌ను నాలుగేండ్లకే ప్రక్కకు నెట్టి 2005లో రెండవదానిని తెచ్చుటకు ఆ తొందరయే ముఖ్యకారణము.

ప్లేస్టేషన్ 2 ఈ నియమములన్నిటిని పాటించి, కడపట ధిక్కరించినది. అమెరికాలో 2000లో 299 డాలర్లుగా నున్న వెల 2009 నాటికి 99 డాలర్లకు దిగినది. అది సినిమాల డి.వి.డి.లను చూపించును, పాత ప్లేస్టేషన్ ఆటలను ఆడించును. మొత్తము పదిహేను కోట్లకు పైగా అమ్ముడైనది. ఇంతవరకు ఏ కన్సోలును అంత సంఖ్యలో పోలేదు. 2006లో తమ్ముడు వచ్చినను, అన్నగారు 2012 కడవరకును కర్మాగారమునుండి వెలువడుచునే యుండెను. 2013 శరత్కాలమున గూడ దానికి క్రొత్త ఫుట్‌బాల్ ఆటలు వచ్చినవి.

ఆ నిడుపాటి సాయంసంధ్యలోనే తెలుగువారి వంతు వచ్చినది. 2009లో హైదరాబాదునందలి ఆరోనా టెక్నాలజీస్ సంస్థ "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆటను ప్లేస్టేషన్ 2 కొరకు కల్పింపగా సోనీవారు ప్రకటించిరి. భారతదేశమున పూర్తిగా తయారై కన్సోలునకు ఎక్కిన మొదటి ఆటగా దీనిని పేర్కొందురు. అదే యేడు హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ "దేశీ అడ్డా" యను మరియొక ఆటను రూపొందించినది. కబాడీ, బిళ్ళంగోడు, గాలిపటముల పోటీ వంటి మన వీథి ఆటలు అందులో తెరకెక్కినవి. ప్రపంచము ప్లేస్టేషన్ 3 తరమున మూడవయేట నుండగా, మనవారు ముగియుచున్న తరమునకు తమ తొలి పంటను సమర్పించిరి. కారణము తెలియనిది కాదు. ఈ దేశమున ఇండ్లలో నున్నది ఆ పాత యంత్రమే. క్రొత్తదానికి ఆట వ్రాయుటకు కావలసిన పెట్టుబడి కొండంత.

హనుమంతుని ఆట వెలువడగానే అమెరికాలో నెవడా రాష్ట్రమునందలి హిందూ ప్రముఖుడు రాజన్ జెడ్ అభ్యంతరము తెలిపెను. దేవుని మీటలతో ఆడించుట అపచారమని ఆయన వాదము. ఆ భావమును తృణీకరింప బనిలేదు. కాని ఆంధ్రదేశమున హనుమంతుని చేతులతో ఆడించుట నిన్న మొన్నటిది కాదు. కాకినాడ చేరువనున్న మాధవపట్నము తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి. అచటి కళాకారులు మేకతోలున హనుమంతుని చెక్కి, రంగులు వేసి, కర్రలతో లంకకు దుమికించుచుండిరి. చూచువారు నమస్కరించిరే గాని తప్పు పట్టలేదు. ఆ బొమ్మలు తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. చిరిగినచో అతుకు వేయుదురు. తెర వెనుక దీపము ఆముదముదైనను విద్యుద్దీపమైనను బొమ్మ ఆడును.

హైదరాబాదు హనుమంతునికి ఆ భాగ్యము లేకపోయినది. ప్లేస్టేషన్ 3 తొలి నమూనాలలో కొన్ని పాత డిస్కులను ఆడించెడివి. ఖర్చు తగ్గించుటకై తరువాతివానిలో ఆ సౌకర్యమును తీసివేసిరి. ప్లేస్టేషన్ 4 గాని 5 గాని ఆ డిస్కును గుర్తింపనే గుర్తింపవు. బిళ్ళంగోడు ఆడవలెనన్నచో నేటికిని కర్రముక్కలు రెండున్న చాలును. "దేశీ అడ్డా"లోని బిళ్ళంగోడు ఆడవలెనన్నచో మాత్రము, తయారీ ఆగిపోయిన ఒక జపాను యంత్రము ప్రాణముతో నుండవలెను.

తరమునకు తరమునకు నడుమనున్న ఈ గోడను కొంత తగ్గించిన యత్నములో ఒక తెలుగువాని పేరును వినవచ్చును. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4వ తేదీన మైక్రోసాఫ్టునకు అధిపతియయ్యెను. అప్పటికి ఎక్స్‌బాక్స్ వన్ వెలువడి మూడు నెలలు కాలేదు. ఆయన హయాములో, 2015 నవంబరునుండి, పాత ఎక్స్‌బాక్స్ 360 ఆటలు పెక్కు క్రొత్త యంత్రముపై ఆడసాగినవి. 2020లో వచ్చిన యంత్రముపై 2001 నాటి ఆటలు కొన్ని సైతము ఆడును. పెక్కే గాని అన్నియు కావు. 2024 జూలై 29న ఎక్స్‌బాక్స్ 360లోని అంగడిని అదే సంస్థ మూసివేసినది. నింటెండోవారు 2023 మార్చిలోనే తమ పాత అంగళ్ళు రెంటికి తాళము వేసిరి. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు న్యాయముగా కొనుటకు దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ చేసిన పరిశీలనలో తేలినది.

ఇటీవలి తరము మరియొక వింతను చూపినది. ప్లేస్టేషన్ 5 భారతదేశమునకు 2021 ఫిబ్రవరి 2న వచ్చినది. వెల 49,990 రూపాయలు. పూర్వపు అనుభవమును నమ్మి, "మూడేండ్లు ఓపిక పట్టినచో సగము ధరకు వచ్చును" అని తలచిన తండ్రి మోసపోయెను. అమెరికాలో 2020లో 499 డాలర్లున్న యంత్రము 2025 ఆగస్టులో 549 డాలర్లు దాటినది. వయసు పెరిగిన కొలది వెల పెరుగుట ఆవకాయ జాడీ విషయమునను ఎరుగము! సిలికాను బిళ్ళలు మునుపటివలె ఏటేట చవుక యగుట మానినవి. తరము నిడివి పెరుగుటకును ఇదియే హేతువు. శక్తి రెట్టింపైన యంత్రమును అందుబాటు ధరకు తెచ్చుటకు మునుపటికన్న ఎక్కువకాలము పట్టుచున్నది. నడుమ నడుమ "ప్రో" యను పేర అరతరముల యంత్రములను దింపుట 2016లో ఆరంభమైనది.

కోనసీమ పిల్లలలో పెక్కుమంది ఈ గొడవ లేకయే పెరిగిరి. ఫామికామ్ అనుకరణలనుండి వారు నేరుగా చేతిఫోనునకు దుమికిరి. 2016లో జియో రాకతో ఇంటర్నెట్టు చవుకయ్యెను. 2018లో పబ్జీ వచ్చెను. నాలుగు తరముల కన్సోళ్ళు వారి గుమ్మము త్రొక్కకుండనే గడచిపోయినవి. ఫోనులోని ఆటకు డిస్కు లేదు, క్యాసెట్టు లేదు. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వము పబ్జీని నిషేధింపగా, పెట్టెలో దాచుకొనుటకు పిల్లవాని యొద్ద ఏమియు మిగులలేదు. గాలి ఊదిన ఆ పాత క్యాసెట్టు మాత్రము అటుకమీద ఇంకను పడియుండును.

గ్రంథములకు ఈ దుర్గతి పట్టరాదనియే 1954లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. దేశమున అచ్చైన ప్రతి పుస్తకమును ప్రకాశకుడు ముప్పది దినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా మొదలగు గ్రంథాలయములకును పంపవలెను. 1956లో వార్తాపత్రికలను అందులో చేర్చిరి. ఆటల డిస్కుల ప్రసక్తి ఆ చట్టమున లేదు. జపాను జాతీయ గ్రంథాలయము 2000 అక్టోబరునుండి పుస్తకములతో బాటు ఆటల డిస్కులను, క్యాసెట్లను గూడ చట్టప్రకారము సేకరించి భద్రపరచుచున్నది. 2009లో హైదరాబాదునుండి వెలువడిన ఆ రెండు ఆటలు మన దేశమున ఆనాడు కొన్నవారి యిండ్లలోను, పాతసరుకు అమ్మువారి యొద్దను వెదకుకొనవలసినవే. డిస్కు దొరకినను ఆడించు యంత్రము కావలెను. యంత్రము దొరకినను లోని లేజరు కటకము పనిచేయవలెను. ప్లేస్టేషన్ 2 మరమ్మతులను సోనీవారు పుట్టినింట, జపానులోనే, 2018 సెప్టెంబరులో నిలిపివేసిరి.